5 గ్రాములు, అర కిలో, ఒకే ఐదేళ్లు: ఈ లెక్కను గీతలోనూ శబ్దంలోనూ ఎలా పలికించాలి?

1 | సిరాబుడ్డి

నాలుగు నిమిషాల తెలుగు వీడియో ఒకటి తయారవుతోంది. అమెరికా మత్తుపదార్థాల చట్టాలు నల్లజాతివాళ్ల మీద ఎందుకంత ఎక్కువగా పడ్డాయన్నది విషయం. పైన కెమెరా, కింద కాగితం. సిరాతో చెయ్యి గీస్తూ పోతుంది, గొంతు చెబుతూ పోతుంది. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలూ, ఇక్కణ్ణించి వెళ్లిన అమ్మానాన్నలూ పక్కపక్కన కూర్చుని చూసేలా ఉండాలి. 1971 జూన్‌లో నిక్సన్ మాదకద్రవ్యాల వాడకాన్ని మొదటి నంబరు ప్రజాశత్రువు అన్న చోట మొదలై, 2018 చట్టం దాకా వెళ్లి, చివర గంజాయి భాగంతో ఆగుతుంది. స్క్రిప్టు 560 మాటలు.

చిక్కంతా 1986 చట్టం దగ్గరే. 5 గ్రాముల క్రాక్‌కీ (పొడి కొకైన్‌నే వంటసోడాతో మార్చిన రూపం), 500 గ్రాముల పొడి కొకైన్‌కీ ఒకే ఐదేళ్ల కనీస శిక్ష. ఇప్పుడున్న బొమ్మ త్రాసు: ఒక పళ్లెంలో చిన్న పలుకు, రెండోదాంట్లో మూట. వెనక వయొలిన్. చివర జైలు తలుపు దడాలున పడుతుంది. చూసినవాళ్లు 'అయ్యో అన్యాయం' అంటున్నారు కానీ రెండు నిమిషాలాగి అడిగితే లెక్క చెప్పలేకపోతున్నారు. ఎక్కడ జారిపోతోంది?

2 | తెరవెనక

త్రాసులోనే. త్రాసు కనపడగానే బరువైన పళ్లెం కిందికి దిగుతుందని కన్ను ఎదురుచూస్తుంది. మూట ఉన్నది దిగితే అందులో వింతేముంది? దిగకుండా సమానంగా గీశారనుకోండి, పలుకు కూడా మూటంత బరువుందని అర్థమవుతుంది. ఈ రెండూ మీరు చెప్పదలచినవి కావు. రెండు వేరు బరువులకు ఒకే జవాబు వచ్చిందన్నదే మీ విషయం. కాబట్టి ఆ జవాబునే ఒక వస్తువు చేయండి. రబ్బరు స్టాంపు అనుకుందాం.

ఒక చుక్క అంటే 5 గ్రాములు. కాగితానికి ఎడమ పక్క ఒక్క చుక్క, దానికి ఒక టిక్. వెంటనే స్టాంపు: '5 ఏళ్లు'. టప్. తర్వాత కుడి పక్క చుక్కలు మొదలు, సెకనుకు ఎనిమిది. పదేసి చొప్పున పది వరసలు, 100 చుక్కలు, పన్నెండున్నర సెకన్లు. మాట ఉండదు, సంగీతం ఉండదు. నూరో చుక్క పడగానే అదే స్టాంపు, అదే టప్.

వీడియోను సెకనుకు 24 ఫ్రేముల్లో పెట్టుకోండి. చుక్కకు సరిగ్గా 3 ఫ్రేములు, మొత్తం 300. అలవాటుగా 25లో పెట్టి చుక్కకు 3 ఇస్తే బొమ్మ 12 సెకన్లకే అయిపోతుంది, శబ్దం ఇంకో అర సెకను నడుస్తూనే ఉంటుంది. చివరి టప్ బొమ్మతో కలవలేదంటే కష్టమంతా వృథా.

3 | చెవికోసుకుంటా

పై పద్ధతికి నా ఓటు. శబ్దం సంగతి నేను చెబుతా.

టిక్ ఒకటే రికార్డు చేసి నూరుసార్లు అతికించొద్దు. ఒకే నమూనా గబగబా తిరిగితే చెవికి మరతుపాకీలా వినిపిస్తుంది, చెయ్యి గీసినట్టుండదు. ఏడెనిమిది వేర్వేరు టిక్కులు తీసుకుని, ఒకటే వెంటవెంటనే రాకుండా మార్చి మార్చి వేయండి. స్టాంపు చప్పుడు మాత్రం ఒక్కటే ఫైలు. రెండుచోట్లా అదే మట్టం, అదే ఈక్యూ (స్వరాల సర్దుబాటు), అదే రివర్బ్ (ప్రతిధ్వని). రెండోసారి కాస్త గట్టిగా కొట్టించాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. రెండోది పెద్దగా మోగితే పెద్ద నేరానికి పెద్ద శిక్ష పడ్డట్టు వినిపిస్తుంది. సమానంగా మోగితేనే చూసేవాళ్లకు తిక్క రేగుతుంది.

వయొలిన్ తీసేయండి. లెక్క ఇంకా బుర్రకు ఎక్కకముందే 'ఇప్పుడు బాధపడు' అని చెప్పేస్తుంది. బాధపడినవాడు లెక్క పెట్టడు. మీ వాళ్లకు 'అయ్యో' గుర్తుండి అంకె గుర్తులేనిది అందుకే. జైలు తలుపూ అంతే, అరిగిపోయిన చప్పుడు.

ఇంకోమాట, నల్లజాతివాళ్ల పేటల బొమ్మ దగ్గర హిప్‌హాప్ బీటు, బ్యాంకు వీధి బొమ్మ దగ్గర పియానో పెట్టే ఆలోచన గానీ ఉందా?

4 | సిరాబుడ్డి

ఉంది. అచ్చం అదే ఉంది.

5 | లాపాయింటు

అయితే తీసేయండి. 1986 చట్టం వెతికినా జాతి పేరు ఒక్కచోట కనపడదు. ఉన్నవి పదార్థం, బరువు, ఏళ్లు. అన్యాయం అక్షరాల్లో లేదు, ఎవరిని పట్టుకున్నారు, ఏ కోర్టుకు పంపారు అన్న చోట ఉంది. మీ సంగీతం తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి వాయిస్తే చట్టం పైకి అనని మాటను మీరే అంటున్నట్టు.

స్క్రిప్టులో ఈ కింది అంకెలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

రీగన్ సంతకం 1986 అక్టోబరు 27న. 5 గ్రాముల క్రాక్, 500 గ్రాముల పొడి అయితే ఐదేళ్లు. 50 గ్రాముల క్రాక్, 5 కిలోల పొడి అయితే పదేళ్లు. రెండు మెట్లూ వీడియోలో పెట్టొద్దు, ఒకటి చాలు. ఇది అమ్మకానికి సంబంధించిన చట్టం. 1988లో ఇంకో చట్టం వచ్చి, 5 గ్రాములకు మించి క్రాక్ ఊరికే జేబులో ఉన్నా ఐదేళ్లు తప్పనిసరి చేసింది. పొడి కొకైన్ మొదటిసారి జేబులో దొరికితే గరిష్ఠంగా ఏడాది. చాలా వీడియోలు ఈ రెండు చట్టాలనూ ఒకటిగా కలిపి చెప్పేస్తాయి.

బాస్కెట్‌బాల్ ఆటగాడు లెన్ బయస్ ప్రస్తావన ఉంటే జాగ్రత్త. బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఎంపిక చేసిన రెండు రోజులకు, 1986 జూన్ 19న ఆ కుర్రాడు చనిపోయాడు. దేశమంతా క్రాక్ అనుకుంది, చట్టం హడావుడిగా నడిచింది. అతను వాడింది పొడి. ఈ ఒక్క వాక్యం పది విశేషణాల పని చేస్తుంది.

6 | డాలస్ బాబాయి

పన్నెండు సెకన్లు మాటా పాటా లేకుండానా? ఫోనులో చూసేవాళ్లు వేలితో తోసేస్తారండీ. వాళ్లకు అంత ఓపిక ఎక్కడిది.

7 | తెరవెనక

బాబాయి గారి అనుమానంలో నిజముంది. దానికి మందు పదో చుక్కలో ఉంది. ప్రతి వరస చివరి చుక్కను కాస్త లావు పాళీతో నొక్కి పెట్టండి, దాని టిక్ కూడా కొంచెం మందంగా ఉంటుంది. ఒకటింపావు సెకనుకొకసారి ఆ మందపు దెబ్బ పడుతుంది. తాళం కుదురుతుంది, సంగీతం లేకపోయినా. మూడో వరసకు చూసేవాడికి ఇది ఎక్కడిదాకా పోతుందోనని పట్టుకుంటుంది. ఏడో వరసకు కాస్త విసుగు. ఆ విసుగు మీకు కావాలి. పోగొట్టొద్దు.

వేగం పెంచి ఆరు సెకన్లలో ముగిస్తే? సెకనుకు పదహారు చుక్కలంటే చెవికి విడివిడిగా అందవు, బర్రుమన్న మోత అయిపోతుంది. ఎనిమిది దగ్గర ఆగండి.

8 | గొంతుక

560 మాటలు నాలుగు నిమిషాల్లో పట్టవు. తెలుగు మాట పొడుగు, ప్రత్యయాలన్నీ తోకలా అంటుకుని ఉంటాయి. అంకెలతో నిండిన విషయాన్ని నిమిషానికి 90, 100 మాటల మించి చదివితే ఉరుకుతున్నట్టుంటుంది. 240 సెకన్లలో చుక్కలకు పన్నెండున్నర, స్టాంపులకు, ఊపిరికి, విరామాలకు ఇంకో పాతిక తీసేయండి. మిగిలిన 200లో పట్టేది 310, 320 మాటలు. అంటే సగానికి దగ్గరగా కోత. ముందు విశేషణాలు కొయ్యండి. 'దారుణమైన', 'అమానుషమైన' పోతే నష్టమేమీ ఉండదు.

లెక్క గుర్తుండకపోవడానికి మీరు చూడని కారణం ఇంకోటి ఉంది. చదివి చూడండి: 'ఐదు గ్రాములకు ఐదేళ్లు, ఐదు వందల గ్రాములకు ఐదేళ్లు.' నాలుగు ఐదులు! చెవి వాటిని విడదీయలేదు. 500 గ్రాములను 'అర కిలో' అనండి, ఐదు గ్రాములను 'ఒక చెంచాడు' అనండి. చక్కెరైతే టీ చెంచాడు 4, 5 గ్రాములు తూగుతుంది, కొలత దగ్గరగానే ఉంది. 'చెంచాడుకు ఐదేళ్లు. అర కిలోకూ ఐదేళ్లే.' ఆ చివరి 'ఏ' మీద గొంతు ఎత్తకండి. అక్షరమే ఆ పని చేస్తుంది.

9 | డాలస్ బాబాయి

అర తులం అంటే ఇంకా బాగా పట్టదూ మనవాళ్లకి?

10 | గొంతుక

తులం అనగానే బంగారం గుర్తొస్తుంది బాబాయి గారూ, ఖరీదైన వస్తువని మనసులో పడిపోతుంది. పైగా కొట్లో పది గ్రాముల తులం, పాత లెక్కలో పదకొండున్నర పైన. చెంచాయే నయం.

11 | లాపాయింటు

మనవాళ్ల గురించి చిన్న పక్కమాట. మన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో కూడా బరువును బట్టే శిక్ష: గంజాయికి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. అందుకని విశాఖ, హైదరాబాద్ వార్తలు చదివే ప్రేక్షకుడు 'బరువుకు తగ్గ శిక్షేగా, ఇందులో తప్పేముంది' అనుకోవచ్చు. క్రాక్ వేరే మందు కాదు, పొడి కొకైన్‌ను వంటసోడాతో మార్చిన రూపం అన్న ముక్క చుక్కలకు ముందే చెప్పాలి. లేకపోతే గంజాయికీ కొకైన్‌కీ తేడా లాంటిదేనని సరిపెట్టుకుంటారు.

12 | కుంచెగీత

దాన్ని మాటతో కాదు, సీసాతో చెప్పండి. ఫ్రేము మూలలో ఒకే సిరా సీసా. పాళీ ఎడమ చుక్కకు అందులోనే ముంచుతుంది, కుడి చుక్కలకూ అందులోనే. ఒకటిన్నర సెకను చాలు.

స్టాంపు ముద్ర విషయంలో తెరవెనక గారితో చిన్న పేచీ. రబ్బరు స్టాంపు ప్రతిసారీ ఒకలా పడదు, ఒక మూల మసగ్గా వస్తుంది. ఆ తేడా అందంగానే ఉంటుంది. కానీ ఇక్కడ చప్పుడు ఒకటే ఫైలు అయినప్పుడు ముద్ర కూడా ఒకటే ఉండాలి. బాగా పడ్డ ముద్రను స్కాన్ చేసి రెండుచోట్లా అదే పెట్టండి. చుక్కలు చేతివి, ముద్ర యంత్రానిది. ఆ తేడా కనపడాలి.

కాగితం: 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు), నున్నటిది. గరుకు కాగితం మీద పాళీ తట్టుకుని చుక్క చెదురుతుంది. నాలుగు వైపులా టేపు వేయకపోతే నీటిరంగు తగలగానే ఉబ్బి లేస్తుంది, పైనుంచి చూసే కెమెరాకు ఆ ఉబ్బు నీడ మరకలా కనపడుతుంది. సిరా తడికి కరగనిది వాడండి. ఫౌంటెన్ పెన్ సిరా మీద రంగు పూస్తే ముఖం మీద నల్లటి చారలు దిగుతాయి.

ఇప్పుడు అసలు ముఖాల మాట. నల్లజాతి ముఖాలకు పలచన చేసిన నల్లసిరా పూస్తున్నారా?

13 | సిరాబుడ్డి

అవును, వాష్. తెల్లవాళ్ల ముఖాలు కాగితం తెలుపే వదిలేశాం.

14 | కుంచెగీత

రెండు తప్పులు. ఒకటి, తెలుపును వదిలేసి నలుపును పూశారంటే తెల్లదనం మామూలు, నలుపు అదనం అని కాగితమే చెబుతోంది. రెండు పక్కలా రంగు వేయండి, లేదా రెండు పక్కలా వట్టి గీత వేయండి. రెండో తప్పు, నల్లసిరా వాష్ బూడిద రంగుకు తిరుగుతుంది, మనిషి శవంలా కనపడతాడు. బర్న్ట్ సియెన్నాకు అల్ట్రామెరీన్ నీలం కొద్దికొద్దిగా కలుపుతూ పోతే పల్చటి గోధుమ నుంచి ముదురు కాఫీ దాకా ప్రాణమున్న రంగులొస్తాయి. నీలం ఎక్కువైతే మళ్లీ బూడిదే. ముందు రంగు, అది పూర్తిగా ఆరాక గీత. నుదుటి మీద, ముక్కు వంతెన మీద కాగితం మెరుపు కొంచెం వదలండి. లేకపోతే కుదించిన వీడియోలో ముఖం ఒక ముద్ద.

15 | గోల్కొండ కెమెరా

ముఖం ముద్ద అయితాందంటే రంగు ఒక్కటే కాదన్నా, ఎక్స్‌పోజర్ చూడాలె. ఆటోలో పెడితే కెమెరా తెల్ల కాగితం జూసి 'ఇంత వెలుతురా' అని మొత్తం తగ్గిస్తది. కాగితం బూడిదైతది, ముదురు ముఖాల కళ్లు ముక్కు నలుపుల మునుగుతయ్. గీసుకుంట పోతాంటే సిరా ఎక్కువై మళ్ల పెంచుతది, వెలుతురు ఊపిరి తీసినట్టు ఊగుతది. మాన్యువల్ల పెట్టుర్రి. కెమెరా చూపిచ్చే వెలుతురు కొలతల తెల్ల కాగితం 85 నుంచి 90 శాతం కాడ, మస్తు ముదురు ముఖం 30కి కిందికి దిగకుండ. వైట్ బ్యాలెన్స్ 5600 కెల్విన్ మీద తాళం, ఫోకస్ కూడ తాళం. లేకుంటే చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా ఫోకస్ చెయ్యి మీదికి దుంకుతది.

ఇది కొత్త ముచ్చట గాదు. కోడక్ వాళ్లు ఫోటోల రంగు సరిచూసుకునేటందుకు తెల్ల ఆడమనిషి బొమ్మ ఉన్న కార్డులే ఏండ్లకేండ్లు పంపిన్రు, షర్లీ కార్డులంటరు. అన్ని జాతులోళ్లు ఉన్న కార్డులు వచ్చేసరికి 1990లు. ఆటో బటన్ మీద అన్యాయం గురించి వీడియో తీసుడెట్లుంటదో మీరే జూసుకోర్రి.

లైట్లు రెండు, అటొకటి ఇటొకటి, 45 డిగ్రీలల్ల. తడి సిరా మెరుస్తాంటే ఇంకింత కిందికి, 30 దాకా దించుర్రి. షట్టర్ ఇక్కడైతే 50లో ఒకటి, అమెరికాల తీస్తే 60లో ఒకటి. కరెంటు తీరు వేరు, తప్పు పెడితే పట్టీలు పారుతయ్. ఇగ కెమెరా రాడ్డును గీసే బల్లకు కట్టొద్దు. పాళీ నొక్కినప్పుడల్లా ఫ్రేము ఊగుతది. నేల మీది స్టాండు కావాలె, వెనక ఇసుక సంచి.

16 | తెరవెనక

నూరు చుక్కల ముక్కను వీడియోగా కాకుండా ఫోటోలుగా తీయండి: చుక్క పెట్టు, చెయ్యి తియ్యి, క్లిక్. 101 ఫోటోలు, మొదటిది ఖాళీ కాగితం. లెన్సు రంధ్రం ప్రతి క్లిక్కుకీ మూసుకుని తెరుచుకుంటే వెలుతురులో వెంట్రుకవాసి తేడా వచ్చి బొమ్మ మినుకుమంటుంది. పూర్తిగా తెరిచి ఉంచండి, లేదా చేత్తో తిప్పే పాత లెన్సు వాడండి.

మిగిలిన గీతలకు వేగం పది రెట్లు దాటనీకండి. ఇరవై రెట్లు దాటితే చెయ్యి ఈగలా గింగిరాలు కొడుతుంది, చూసేవాడు బొమ్మ వదిలి చేతిని చూస్తాడు.

17 | సిరాబుడ్డి

త్రాసు, వయొలిన్, తలుపు, బీటు అన్నీ పోయాయి. స్క్రిప్టు 330కి దిగింది. ఇప్పుడు 2010. ఒబామా సంతకంతో నిష్పత్తి 100 నుంచి 18కి తగ్గింది కదా. కుడి పక్క 82 చుక్కలు చెరిపేసి 18 ఉంచితే ఎలా ఉంటుంది? అదే టిక్, రెండుంపావు సెకన్లు.

18 | లాపాయింటు

తప్పు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ తప్పు. 2010 ఆగస్టు 3 చట్టం పొడి కొకైన్ బరువును ముట్టుకోలేదు. అది 500 గ్రాముల దగ్గరే ఉంది. క్రాక్‌ను 5 నుంచి 28కి పెంచారు. 28 ఎందుకంటే ఔన్సు 28.35 గ్రాములు. 500ను 28తో భాగిస్తే 17.86, దాన్నే 18 అంటున్నారు. మీరు కుడిపక్క చెరిపితే పొడి కొకైన్ మీద శిక్ష కఠినమైనట్టు అవుతుంది.

19 | తెరవెనక

అయితే కుడిపక్క నూరూ అలాగే నిలబడి ఉంటాయి. ఎడమ పక్క ఒంటి చుక్క పక్కన ఇంకో నాలుగు, ఆపైన సగానికి కాస్త ఎక్కువ చుక్క. ఐదు పూర్తి, ఒకటి 0.6. ఆ సగం చుక్కను గీయడమే బావుంటుంది: పాళీ ఆగిపోయినట్టు. చెరిపేదాని కంటే ఇదే చేదుగా ఉంది. నూరు అక్కడే నిలబడి ఉంటే పక్కన ఐదున్నర.

20 | లాపాయింటు

ముందు 1995 కూడా ఉంది. ఫెడరల్ కోర్టులకు శిక్షల మార్గదర్శకాలు రాసే శిక్షల కమిషన్ క్రాక్, పొడి రెండింటినీ సమానం చేయమని సిఫారసు చేసింది, కాంగ్రెస్ తోసిపుచ్చింది. స్టాంపు పైకి లేస్తుంది, గాల్లో ఆగుతుంది, మళ్లీ అదే ముద్ర మీదికి దిగుతుంది. మాట ఒక్కటి చాలు.

2010 చట్టం అప్పటికే శిక్ష పడ్డవాళ్లకు వర్తించలేదు. వాళ్లకు దారి తెరిచింది 2018 డిసెంబరు 21 చట్టం. మధ్యలో ఎనిమిదేళ్లు.

21 | చెవికోసుకుంటా

ఆ ఎనిమిదేళ్లకు ఎనిమిది సెకన్లు. ముద్ర తెర మీద కదలకుండా ఉంటుంది, గది శబ్దం తప్ప ఏమీ ఉండదు. కానీ పూర్తి సున్నా పెట్టొద్దు. ఫోనులో చూసేవాడు ఆడియో పోయిందనుకుని బటన్లు నొక్కుతాడు. రికార్డు చేసిన గదిలో ఫ్యాన్, ఏసీ కట్టేసి ఊరికే ముప్పై సెకన్లు తీసి పెట్టుకోండి, దాన్ని మైనస్ 55, 60 డెసిబెల్స్ దగ్గర పరవండి.

పాళీ శబ్దం గురించి: పది రెట్లు వేగం పెంచిన వీడియోతో పాటే శబ్దమూ పెంచితే పిట్ట కిచకిచలు వస్తాయి. శబ్దం విడిగా, మామూలు వేగంతో తీయండి. చెక్క బల్ల అడుగున కాంటాక్ట్ మైకు అతికిస్తే గీత బరువు వినిపిస్తుంది, పక్కన ఒక మామూలు మైకు గరగరను పట్టుకుంటుంది. రెండూ కలపండి. ప్రతి గీతకూ వద్దు, ముఖ్యమైన వాటికే.

మిక్సు: మొత్తం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే గట్టిదనం కొలత) దగ్గర, ట్రూ పీక్ (శబ్దం తాకే అత్యధిక మట్టం) మైనస్ 1 దాటకుండా. యూట్యూబ్ అంతకంటే పెద్దదాన్ని ఎలాగూ తగ్గిస్తుంది. సంగీతం ఎక్కడైనా ఉంటే గొంతు కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ కింద. స్టాంపు చప్పుడులో గుండె అదిరే 60 హెర్ట్జ్ పెట్టుకుని మురిసిపోవద్దు, ఫోను స్పీకరు 150, 200 కింద ఏమీ పలకదు. ఆ టప్ పనిచేయాల్సింది 300 నుంచి 2000 మధ్య. చవక ఫోనులో విని సరిచేసుకోండి, తర్వాతే హెడ్‌ఫోన్లు.

22 | సిరాబుడ్డి

చివర్లో గంజాయి చట్టబద్ధమైన భాగం. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు దానికి ఓటేశాయి, 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణాలు తెరుచుకున్నాయి. అదే స్టాంపు ఇప్పుడు దుకాణం లైసెన్సు మీద పడితే? అదే టప్.

23 | గోల్కొండ కెమెరా

అబ్బ! దెబ్బ పడ్డదన్నా.

24 | లాపాయింటు

దెబ్బ పడింది కానీ వేరేవాడికి పడింది. క్రాక్ ముద్ర ఫెడరల్ ప్రభుత్వానిది, గంజాయి లైసెన్సు రాష్ట్రానిది. పదార్థమూ వేరు. ఒకే స్టాంపు వాడితే చూసేవాడు ఒకే ఆఫీసనుకుంటాడు. తెలిసినవాడొకడు కింద కామెంట్లో పట్టుకున్నాడంటే మిగతా నాలుగు నిమిషాల నిజమూ మసకబారుతుంది.

గంజాయికి దాని లెక్కే వాడండి. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2013 నివేదికలో 2010 అంకెలు: గంజాయి దగ్గర ఉందని అరెస్టయినవాళ్లు లక్ష మందికి నల్లజాతిలో 716, తెల్లవాళ్లలో 192. అంటే 3.73 రెట్లు. వాడకం రెండు పక్కలా దాదాపు ఒకటే. 'నాలుగు రెట్లు' అని గుండ్రం చేయొద్దు.

25 | కుంచెగీత

నాలుగు నిలువు గీతలు ఒక పక్క, పదిహేను ఇంకో పక్క. 3.75 అవుతుంది, కంటికి ఆ తేడా తెలియదు, గొంతు మాత్రం 3.73 అనే చెబుతుంది. గీతల పైన రెండు పక్కలా ఒకే సైజు ఆకు బొమ్మ, వాడకం సమానమని. రెండో ఆకును మళ్లీ గీయొద్దు, మొదటి దాని నకలే పెట్టండి.

26 | లాపాయింటు

క్రాక్ భాగంలో కూడా ఇలాంటి ఒక జత ఉంది. 1991 ఇంటింటి సర్వేలో క్రాక్ వాడామని చెప్పినవాళ్లలో 52 శాతం తెల్లవాళ్లు, 38 శాతం నల్లజాతివాళ్లు. 1990ల మొదట్లో ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ అమ్మకం కేసుల్లో శిక్ష పడ్డవాళ్లలో 80 శాతానికి పైగా నల్లజాతివాళ్లు. వాడేవాడూ అమ్మేవాడూ ఒకటి కాదని ఎవరో ఒకరు అంటారు, అనడం న్యాయమే. అందుకే 'వాడినవాళ్లు', 'శిక్ష పడ్డవాళ్లు' అని తెర మీద రాయండి. 'నేరస్థులు' అని రెండింటికీ ఒకే పేరు పెట్టొద్దు.

27 | డాలస్ బాబాయి

మరి 'నల్లవాళ్లు' అనాలా 'నల్లజాతివాళ్లు' అనాలా? మన ఇళ్లల్లో నలుపు అంటే ముందు పెళ్లిసంబంధాల నలుపే గుర్తొస్తుంది.

28 | గొంతుక

అందుకే 'నల్లజాతి అమెరికన్లు', పొట్టిగా కావాలంటే 'నల్లజాతివాళ్లు'. వట్టి 'నల్లవాళ్లు' అంటే ఒంటిరంగు మాటవుతుంది, చరిత్ర జారిపోతుంది. చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త: డబ్బింగు సినిమాల అలవాటుతో ఆ మాటల దగ్గర గొంతు మార్చి కరుకుగా పలకడం. వద్దు. నిక్సన్‌కూ, పేటలో తల్లికీ ఒకే గొంతు, ఒకే దూరం. మైకుకు జానెడు.

ఇదే విషయం మీద న్యూయార్క్ టైమ్స్ 2016లో పెట్టిన చిన్న వీడియోకు ర్యాప్ గాయకుడు జే-జీ గొంతిచ్చాడు, బ్రూక్లిన్‌లో మార్సీ అనే ప్రభుత్వ ఇళ్లల్లో పెరిగినవాడు. ఆ గొంతుకు ఆ మాట అనే హక్కు పుట్టుకతో ఉంది. తెలుగు గొంతుకు అది లేదు. 'మనం', 'మా పేట' అని నటించకుండా 'వాళ్లు', 'అక్కడ' అని నిలకడగా చెప్పడమే మర్యాద.

29 | తెరవెనక

నిక్సన్, రీగన్ పాత దృశ్యాలు వాడేట్టయితే: ఫెడరల్ ప్రభుత్వం సొంతంగా తీసినవాటికి అమెరికాలో కాపీరైటు లేదు, అధ్యక్ష గ్రంథాలయాల్లో దొరుకుతాయి. అదే ప్రసంగాన్ని టీవీ నెట్‌వర్కు తీసి ఉంటే ఆ దృశ్యం నెట్‌వర్కుది. మాట ఒకటే, హక్కు వేరు. క్లిప్పు మూలలో లోగో ఉందేమో చూడండి, లేకపోయినా ఎవరు తీశారో నమోదులో చూసుకోండి. నా మాట అడిగితే అవేవీ వద్దు, సిరా బొమ్మల మధ్య గరగరలాడే టీవీ దృశ్యం వస్తే చెయ్యి నమ్మకం పోతుంది.

30 | సిరాబుడ్డి

స్టాంపు లైసెన్సు మీద పడదు, ఒప్పుకున్నా. చివరి బొమ్మ గీతలు: నాలుగు, పదిహేను. ఒక్క సందేహం మిగిలింది. చెవులు వినపడనివాళ్లకు సబ్‌టైటిల్స్ పెడుతున్నాం. నూరు టిక్కుల దగ్గర ఏం రాయాలి? 'టిక్ టిక్' అని పెడితే ఎబ్బెట్టుగా ఉంది. 'నిశ్శబ్దం' అంటే అబద్ధం.

31 | చెవికోసుకుంటా

అంకె రాయండి. ప్రతి వరస చివర 10, 20, 30 అని మారుతూ 100 దాకా. ఒక్కో అంకె 30 ఫ్రేములు నిలుస్తుంది, చదవడానికి సరిపోతుంది. మొదటి స్టాంపుకు '[ముద్ర చప్పుడు]', రెండోదానికి '[అదే ముద్ర చప్పుడు]'.

32 | కుంచెగీత

ఆ అంకెలు తెర అడుగున కాకుండా వరస పక్కనే వచ్చేలా పెట్టండి. కన్ను కిందికి దిగితే చుక్కలు తప్పిపోతాయి.

33 | సిరాబుడ్డి

వరస పక్కనే, పైనుంచి కిందికి. రేపు నూటొక్క ఫోటోలు.